"ఎన్నింటికి రావాలి?" అని మా ఆవిడ అడిగితే: రేసు టైమ్ లెక్కల్లో నా మూడేళ్ళ అనుభవం

మొదటి హాఫ్ మారథాన్‌కి రెండు రోజుల ముందు రాత్రి అన్నం తింటుంటే మా ఆవిడ అడిగింది, "ఫినిష్ దగ్గరికి నేనూ పాపా ఎన్నింటికి రావాలి?" అని. నేను ఎడం చేత్తో ఫోన్ తీసి, కాలిక్యులేటర్‌లో ఏవో నొక్కి, "ఏడూ యాభై ఆరుకి వచ్చేస్తా, మీరు ముప్పావుకల్లా అక్కడుండండి" అని చెప్పా. ఎనిమిదింటికి అని కాదండోయ్, ఏడూ యాభై ఆరు! అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే, అప్పుడే నెట్‌లో రేస్ టైమ్ ప్రిడిక్టర్ అనేది ఒకటుందని కనిపెట్టాను, పాత రేసు టైమ్ వేస్తే కొత్త రేసు టైమ్ సెకన్లతో సహా చెప్పేస్తుంది. సెకన్లతో సహా చెప్పేది ఏదైనా మనకి నిజంలాగే కనిపిస్తుంది కదా, పంచాంగంలో గడియలు విఘడియలు రాసినట్టు.

నేను సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తా, ఉండేది కూకట్‌పల్లి, పరుగు మొదలుపెట్టేసరికి 36 ఏళ్ళు, బరువు ఎంతో అడక్కండి. అప్పటికి పరిగెత్తిన రేసు ఒక్కటే, ఊరి చివర ఒక గేటెడ్ కాలనీ వాళ్ళు పెట్టిన 10కె, అంటే పది కిలోమీటర్ల రేసు. అందులో నా టైమ్ 52 నిమిషాల 40 సెకన్లు. మొదటి రేసులోనే 52 అనేసరికి ఆఫీసులో మనం ఒక రేంజ్‌లో తిరిగాం, ఆ మెడల్ చాలా రోజులు డెస్క్ మీదే ఉంది.

ఇక ఫార్ములా సంగతి. ఈ ప్రిడిక్టర్లలో చాలావాటి వెనక ఉండేది పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీర్ 1977లో రన్నర్స్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన లెక్క, తర్వాత 1981లో అమెరికన్ సైంటిస్ట్‌లో ఇంకా వివరంగా రాశాడు. ఆయనా పరిగెత్తేవాడే. లెక్క ఒక్క లైన్: కొత్త దూరాన్ని పాత దూరంతో భాగించి, దానికి 1.06 పవర్ వేసి, పాత టైమ్‌తో గుణించడం. అంతే. ఆ 1.06 లోనే కిటుకంతా ఉంది. అక్కడ 1 ఉంటే దూరం రెట్టింపైతే టైమ్ కూడా రెట్టింపు, అంటే మనిషికి అలుపే లేనట్టు. 1.06 పెడితే రెట్టింపు దూరానికి టైమ్ 2.085 రెట్లు అవుతుంది, అంటే పేస్ (పరుగు వేగం) నాలుగు శాతం పైచిలుకు పడిపోతుంది. 10కె నుంచి హాఫ్‌కి, అంటే 21.0975 కిలోమీటర్లకి వెళ్తే టైమ్‌ని 2.206తో గుణిస్తే చాలు. నా 52:40ని గుణిస్తే 1:56:12, ఆరింటికి స్టార్ట్ కాబట్టి ఏడూ యాభై ఆరు. కిలోమీటర్‌కి ఐదున్నర నిమిషాలు. "ఇంతేనా" అనుకున్నా.

రేసు రోజు. ఆగస్టులో మన హైదరాబాద్‌లో జరిగే మారథాన్ సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో తేలుతుంది, మధ్యలో ఫ్లైఓవర్లు. దారిలో తగిలే ఏరియాల పేర్లలోనే హిల్స్ అని ఉంది, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, అయినా ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు ఆరోజు దాకా తట్టలేదు, కార్లో ఏసీ వేసుకుని తిరిగేవాడికి ఏం తెలుస్తుంది. పైగా ఆగస్టు తెల్లవారుజాము, చల్లగా ఉన్నట్టే ఉంటుంది గానీ గాలిలో తేమ, చెమట ఆరదు, రెండో కిలోమీటర్‌కే బనియన్ పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. నేను మాత్రం వాచ్ చూసుకుంటూ ఐదున్నర, ఐదున్నర, ఐదు ఇరవై ఎనిమిది, ఎక్కుడులో కూడా తగ్గేదేలే అన్నట్టు పోయా. పది కిలోమీటర్లు 54:50లో దాటా. పదమూడో కిలోమీటర్ దగ్గర ఒక ఎక్కుడు మధ్యలో కాళ్ళు ఆగిపోయాయి. నొప్పి కాదు, ఆయాసం కాదు, బైక్‌లో పెట్రోల్ అయిపోతే ఎలా జర్కులిచ్చి ఆగుతుందో సేమ్ అలాగే. ఆ మిగిలిన ఎనిమిది కిలోమీటర్లు నడక, కాస్త పరుగు, మళ్ళీ నడక. ఒక పెద్దాయన, అరవై ఐదు పైనే ఉంటాయి, నా పక్కనుంచి వెళ్తూ "నడువ్ బాబూ నడువ్, ఆగకు" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

2:21:08.

ఇది చిప్ టైమ్, అంటే నేను స్టార్ట్ గీత దాటిన దగ్గర్నుంచి లెక్క. గన్ కొట్టాక జనంలోంచి స్టార్ట్ గీత దాటడానికే నాకు నాలుగు నిమిషాలు పట్టింది, అది నా లెక్కలోనే లేదు. మా ఆవిడ పావు తక్కువ ఎనిమిదికే వచ్చి నించుంది, నేను స్టేడియంలోకి వచ్చింది ఎనిమిదీ ఇరవై ఐదుకి. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో ఒక అంబులెన్స్ స్టేడియంలోకి వచ్చిందట, అది ఎవరికో, కానీ ఆమె మొహం చూస్తే నాకు అర్థమైంది. ఏం అనలేదు. ఉప్పేసిన మజ్జిగ బాటిల్ చేతిలో పెట్టింది, అది అప్పటికే వేడెక్కిపోయింది. కార్ ఎక్కాక మాత్రం "నువ్వు ఐదు నిమిషాల్లో వస్తా అంటే పావుగంట అని నాకు తెలుసు, ఇది ఫోన్‌లో చూసి చెప్పావు కదా అని నమ్మా" అంది.

ఇంటికొచ్చి రెండు రోజులు ఫార్ములాని తిట్టుకున్నా. మూడో రోజు, ఎంతైనా టెస్టర్‌ని కదా, అవుట్‌పుట్ తప్పొస్తే ముందు ఇన్‌పుట్ చూడాలి కదా అనిపించింది. ఇన్‌పుట్ ఏంటి, ఆ కాలనీ 10కె. పరుగులు రికార్డు చేసే స్ట్రావా యాప్ తీసి ఆరోజు రన్ చూస్తే 9.41 కిలోమీటర్లు అని ఉంది. అప్పట్లో కూడా చూశాను, జీపీఎస్ తేడాలే అనుకుని వదిలేశా. ఇప్పుడు ఆ రేసులో పరిగెత్తిన మిగతా వాళ్ళవి చూస్తే 9.38, 9.43, 9.40. జీపీఎస్ తప్పు చేస్తే ఒకడికి ఎక్కువ ఒకడికి తక్కువ రావాలి, అందరికీ ఒకేలా తక్కువ రావడం ఏంటి? ఆర్గనైజర్లు ఎవరి బైక్ మీటర్‌తో కొలిచారో దేవుడికే తెలియాలి. నా 52:40 అసలు 10కె టైమే కాదు. దూరం దగ్గర 10 బదులు 9.4 వేసి మళ్ళీ లెక్క కడితే నిజమైన 10కె 56:14, దాన్నుంచి హాఫ్ 2:04:05. ఆరొందల మీటర్లు తగ్గితే హాఫ్‌లో ఎనిమిది నిమిషాల అబద్ధం! డెస్క్ మీద మెడల్ ఆ వారమే డ్రాయర్లోకి పోయింది.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఈ రీగెల్ గారు ఎవరా అని చదువుతూ పోతే, ఆయన ఫార్ములా కంటే ఎక్కువ కాలం పనిచేసింది రోడ్డు రేసుల దూరాలు కొలిచే పద్ధతి మీదే, అమెరికాలో కోర్సులు, అంటే రేసు దారులు, కొలిచేవాళ్ళకి పెద్ద దిక్కు. సర్టిఫైడ్ కోర్స్ అంటే కార్ మీటరూ కాదు జీపీఎస్సూ కాదు, సైకిల్. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న లెక్కపెట్టే పరికరం బిగిస్తారు, స్టీల్ టేపుతో కొలిచిన దూరం మీద ఆ సైకిల్‌ని నాలుగైదు సార్లు తొక్కి చక్రం ఎన్ని తిరుగుళ్ళకి ఎంత దూరమో తేల్చుకుంటారు, తర్వాత మలుపుల్లో లోపలి అంచు పట్టుకుని మనిషి పరిగెత్తగలిగే అతి దగ్గరి దారిలో కోర్స్ అంతా తొక్కుతారు. చివర్లో దూరం ఎక్కడా తక్కువ రాకూడదని కిలోమీటర్‌కి ఒక మీటర్ ఎక్కువే కలుపుతారు. చక్రంలో గాలి ఎండకి పెరిగితే కూడా లెక్క మారుతుందని పని అయ్యాక మళ్ళీ టేపు మీద తొక్కి చూస్తారు. ఫార్ములా రాసినాయన జీవితమంతా ఇన్‌పుట్ సరిగ్గా ఉండాలని సైకిల్ చక్రాల వెంటపడితే, నేనేమో ఆ ఫార్ములాలో కాలనీ 10కె వేసి ఆయన్నే తిట్టాను.

డిసెంబర్‌లో నెక్లెస్ రోడ్డు మీద ఇంకో హాఫ్. ఫ్లాట్, చలి, ఈసారి లెక్క 2:04. పరిగెత్తింది 2:06:30. రెండున్నర నిమిషాలే తేడా, ఫార్ములాకి మనసులోనే దండం పెట్టా. మధ్యలో డేనియల్స్ టేబుల్ కూడా చూశా, జాక్ డేనియల్స్ అని కోచ్ (మందు కంపెనీ కాదు, మా ఫ్రెండ్ ఇప్పటికీ నవ్వుతాడు), ఆయనా జిమ్మీ గిల్బర్ట్ అనే ఆయనా కలిసి 1979లో తయారుచేసిన టేబుళ్ళు, వీడాట్ అంటారు. 10కె 56 అయితే హాఫ్ 2:04 అని అదీ అంటుంది. రెండు దారుల్లో వెళ్ళినా ఒకే ఊరు.

అలా కుదిరేసరికి మళ్ళీ పొగరొచ్చింది. మరుసటి ఏడు ఆగస్టుకి ఫుల్ మారథాన్ రిజిస్టర్ చేశా. 2:06:30ని 2.085తో గుణిస్తే 4:23:44. దీనికి తోడు యాసో 800 అని ఒక చిట్కా ఉంది, పది సార్లు 800 మీటర్లు పరిగెత్తితే ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు ఎన్ని సెకన్లు పడితే మారథాన్‌కి అన్ని గంటలు అన్ని నిమిషాలు అని. అది ట్రాక్ మీద చేస్తే 4:25 వచ్చింది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పాక ఇంకేం కావాలి. మా గ్రూపులో ఒక అన్న ఉన్నాడు, పదిహేను ఫుల్స్ చేశాడు, ఆయనకి గర్వంగా చూపిస్తే ఫోన్ వంక కూడా చూడకుండా "వారానికి ఎన్ని కిలోమీటర్లు తమ్ముడూ?" అన్నాడు. ముప్ఫై ఐదు అన్నా. "లాంగ్ రన్ ఎంత దాకా పోయినవ్?" ఇరవై ఎనిమిది. "అయితే హాఫ్ డబల్ చేసి అరగంట వేసుకో. మన హైదరాబాద్ కోర్స్ కాబట్టి ఇంకో పది." అంటే 4:53. నేను మర్యాదకి తలూపా, లోపల మాత్రం ఈయన పాతకాలం మనిషి అనుకున్నా.

మా ఆవిడ మళ్ళీ అడిగింది, ఎన్నింటికి రావాలి అని. స్టార్ట్ అయిన నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలకి అన్నా. సరే అంది. నాకు చెప్పకుండా దానికి అరగంట కలుపుకుందట.

ముప్ఫై కిలోమీటర్ల దాకా అంతా ప్లాన్ ప్రకారమే. ముప్ఫై నాలుగులో, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కుడి పిక్క చర్మం కింద ఎలుకపిల్ల దూరినట్టు కదలడం మొదలైంది, కళ్ళతో చూస్తున్నా, అదంతట అదే ఎగురుతోంది. తర్వాత ఒక్కసారిగా పట్టేసింది. రెయిలింగ్ పట్టుకుని నించుంటే ఒక కాలేజీ కుర్రాడు, వాలంటీర్, స్ప్రే కొట్టి ఉప్పు చల్లిన నారింజ తొన ఇచ్చాడు, ఆ తొన రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. తర్వాత ఎనిమిది కిలోమీటర్లు ఎలా చేశానో చెప్పుకోవడానికి ఏం లేదు, నడిచాను. 4:51. గన్ ప్రకారం 4:54. స్టేడియంలోకి వస్తే మా ఆవిడ అప్పుడే కార్ పార్క్ చేసి మెట్లు దిగుతోంది, మజ్జిగ చల్లగా ఉంది. అన్న లెక్కకి రెండు నిమిషాల తేడా, మా ఆవిడ లెక్కకి అసలు తేడానే లేదు, ఫార్ములాకి ఇరవై ఏడు నిమిషాలు.

ఈసారి తిట్టకుండా చదివా. 1981 వ్యాసంలో రీగెల్ తన లెక్క ఎక్కడినుంచి ఎక్కడిదాకా పనిచేస్తుందో కూడా చెప్పాడు, సుమారు మూడున్నర నిమిషాల నుంచి 230 నిమిషాల దాకా. 230 అంటే 3:50. నేను అడిగింది 4:24 గురించి, అసలు ఆ ఊళ్ళో నాకు ఓటే లేదు. అదీకాక ఆయన ఆ సంఖ్యలు పట్టింది రికార్డుల నుంచి, అంటే వారానికి వంద పైన పరిగెత్తేవాళ్ళ నుంచి. 2016లో వికర్స్, వెర్టోసిక్ అని ఇద్దరు మనలాంటి మామూలు రన్నర్ల టైములు పోగేసి చూస్తే, హాఫ్ దాకా రీగెల్ లెక్క బానే కుదిరింది, ఫుల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం సగం మందికి పది నిమిషాలో అంతకన్నా ఎక్కువో తక్కువ చేసి చెప్పింది. వారానికి ఎంత పరిగెత్తుతారు అన్నది కూడా కలిపితే లెక్క మెరుగైందట. అన్న అడిగిన మొదటి ప్రశ్న అదే కదా!

అప్పుడు నాకు ఒకటి తట్టింది. 1.06 అనేది ఇంకెవరిదో, నాది ఎంతో నేనే కట్టుకోవచ్చు కదా. ఎక్సెల్‌లో రెండే లాగ్‌లు (లాగరిథమ్‌లు). పెద్ద టైమ్‌ని చిన్న టైమ్‌తో భాగించి దాని లాగ్, పెద్ద దూరాన్ని చిన్న దూరంతో భాగించి దాని లాగ్, మొదటిదాన్ని రెండోదానితో భాగించడం. 56:14 నుంచి 2:06:30కి నాది 1.09. అంటే హాఫ్ దాకా నేను రీగెల్ మనుషులకి దగ్గర్లోనే ఉన్నా. 2:06:30 నుంచి 4:51కి 1.20! ఆ 1.20లో అన్నీ ఉన్నాయి, వారానికి ముప్ఫై ఐదు మాత్రమే పరిగెత్తడం, ఫ్లైఓవర్లు, ఆగస్టు తేమ, ఆ పిక్క. డిసెంబర్ ఫ్లాట్ రేసునీ ఆగస్టు కొండల రేసునీ ఒకే త్రాసులో వేశాను కాబట్టి అది శుద్ధమైన అలుపు లెక్క కాదని నాకూ తెలుసు, కానీ నేను మళ్ళీ పరిగెత్తేది అదే ఆగస్టులో అవే కొండల మీద కాబట్టి నాకు కావాల్సింది సరిగ్గా ఆ కలగలుపు నంబరే.

ఆ ఏడే మా బావమరిది తెలంగాణ పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. 2022 నోటిఫికేషన్, మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి. "బావా, గ్రౌండ్‌లో 800 మూడూ పదిలో కొడుతున్నా, 1600కి ఎంతొస్తుంది?" అని అడిగాడు. 190 సెకన్లకి 2.085, అంటే 6:36, హాయిగా పాస్ అని చెప్పాలి. కానీ అప్పటికి మనకి బుద్ధొచ్చింది, 3:10 అనేది రీగెల్ చెప్పిన మూడున్నర నిమిషాల కంటే తక్కువ, అటు కింద హద్దు కూడా ఉంది కదా, అదీకాక వీడు 800 తప్ప ఒక్కరోజు కూడా 1600 పూర్తిగా పరిగెత్తలేదు. "లెక్కలొద్దురా, రేపు పొద్దున నాలుగు రౌండ్లు పరిగెత్తి చూపించు" అన్నా. పరిగెత్తితే 7:22. మొదటి రౌండ్ చిరుతపులిలా, నాలుగో రౌండ్ గేదెలా. రెండు నెలలు మొదటి రౌండ్ పట్టి ఉంచడం ఒక్కటే నేర్చుకున్నాడు, ఈవెంట్ రోజు 6:58. మెయిన్స్‌లో పోయింది, అది వేరే బాధ.

ఇక నా మూడో ఆగస్టు. ఆ ఏడాది వారానికి యాభై ఐదుకి వచ్చా, ఉదయం నాలుగున్నరకి లేస్తే తప్ప కుదరదు, వాచ్‌మన్‌కి నా మీద జాలి మొదలైంది. ముప్ఫై రెండు కిలోమీటర్ల లాంగ్ రన్స్ మూడు, అందులో రెండు కావాలనే ఎక్కుళ్ళ మీద. డిసెంబర్ హాఫ్ 2:03:00 వచ్చింది. ఇప్పుడు లెక్క. పాత 1.20 వేస్తే 4:42:35. పుస్తకం 1.06 వేస్తే 4:16, దాని జోలికి పోలేదు. మైలేజ్ పెరిగింది కాబట్టి 1.20 కొంచెం తగ్గాలి, ఎంత అనేది ఏ ఫార్ములా చెప్పదు, 1.15 అనుకున్నా, 4:32:57. ఈసారి ఒక్క నంబర్ చెప్పకూడదని ముందే నిర్ణయించుకున్నా. ఒక చీటీ మీద "4:33, బాగా లేకపోతే 4:43, మొదటి పది కిలోమీటర్లు 65 నిమిషాల కంటే ముందు దాటితే నీ ఖర్మ" అని రాసి ఫ్రిజ్‌కి అంటించా.

మా ఆవిడ చీటీ చదివింది. "అయితే ఎన్నింటికి రావాలి?" అంది. అదే కదా రాశాను, స్టార్ట్ నుంచి 4:33కి, మహా అయితే 4:43కి, గన్‌కీ చిప్‌కీ తేడా కూడా కలుపుకుని మూడు నిమిషాలు వేసుకో, ఈసారి నమ్ము అన్నా. "ఊఁ" అంది.

పది కిలోమీటర్లు 65:20లో. ఎక్కుళ్ళలో వాచ్ చూడడం మానేసి ఊపిరి లెక్కపెట్టుకున్నా. ముప్ఫై నాలుగులో ఆ ఫ్లైఓవర్, ఆ రెయిలింగ్, పిక్క ఒకసారి ఎగిరింది, పేస్ తగ్గించి రెండు నిమిషాలు బుజ్జగిస్తే ఊరుకుంది. ముప్ఫై ఎనిమిది దాటాక నడుస్తున్నవాళ్ళని దాటుకుంటూ పోతుంటే, అందులో ఒకతను పోయినేడు నేను నించున్నట్టే రెయిలింగ్ పట్టుకుని నించున్నాడు, "నడువ్ బ్రదర్, ఆగకు" అని నా నోట్లోంచే వచ్చింది. స్టేడియంలోకి వచ్చి గడియారం చూస్తే ఒళ్ళు పులకరించింది. చిప్ టైమ్ 4:35:40. చెప్పిన దానికి మూడు నిమిషాలు కూడా తేడా లేదు.

మెడల్ వేశారు. అటూ ఇటూ చూశా. ఎవరూ లేరు. వాలంటీర్ ఫోన్ అడిగి తీసుకుని మా ఆవిడకి కొట్టా.

"హలో, ఎక్కడున్నావ్?"

"నువ్వా? అప్పుడే వచ్చేశావా? నేనూ పాపా ఇక్కడ టిఫిన్ సెంటర్‌లో ఉన్నాం, ఉప్మా పెసరట్టు చెప్పాం. నీ టైమ్‌కి అరగంట కలుపుకుని వద్దాంలే అనుకున్నా. పార్సిల్ తెమ్మంటావా?"

అల్లం చట్నీ ఎక్కువ వేయించమన్నా.